నిశ్శేషంగా పోని సంఖ్య

నా చిన్నప్పుడు, ఐదో తరగతిలో ఉండగా, అమ్మకి ఆపరేషన్ చేయించడానికి నాన్న ఆమెను ఓడలో విశాఖపట్నం తీసుకెళ్లాడు. నన్ను మా ఊరు హోప్ టౌన్‌లోనే పక్కింటి అక్క దగ్గర వదిలారు. అక్క రోజూ ఫెర్రీ ఎక్కి పోర్ట్ బ్లెయిర్ కాలేజీలో లెక్కలు చదువుకునేది. ఆమె తిరిగొచ్చేదాకా నేను జెట్టీ మీద కూర్చుని నీళ్లవైపు చూస్తుండేదాన్ని. వానల రోజులు. సముద్రమూ ఆకాశమూ ఒకే బూడిదరంగులో కలిసిపోయి, అమ్మ ఓడ నీళ్లమీంచి వస్తుందో మబ్బుల్లోంచి దిగుతుందో తెలిసేది కాదు.

నా దిగులు చూసి, ఒకరోజు అక్క నా నోట్‌బుక్కులో 9973 అని రాసింది. ఒకటీ, ఆ సంఖ్యా కాకుండా, శేషం లేకుండా దాన్ని భాగించేది ఏదో కనిపెట్టమంది. నేను మనసులోనే ఒక మొక్కు పెట్టుకున్నాను. ఇది భాగం పోతే అమ్మ బాగై వస్తుంది.

రేకుల మీద వాన పడుతుంటే మూడుతో, ఏడుతో, పదకొండుతో చేసి చూశాను. పోలేదు. పదమూడు దగ్గర రెండే మిగిలింది. ఆ రెండుని రబ్బరుతో చెరిపి, సున్నా పెట్టి, అక్కకి చూపించాను.

అక్క తిట్టలేదు. వచ్చిన 767ని పదమూడుతో హెచ్చించమంది. 9971 వచ్చింది.

"మరి ఆ రెండూ ఏటయ్యాయి?" అని నెమ్మదిగా అడిగింది.

ఏడుస్తూ మొక్కు సంగతి చెప్పేశాను. అక్క నన్ను దగ్గరకు తీసుకుని, "పగలీ, పిచ్చిపిల్లా, మీ అమ్మ సంగతి ఈ సంఖ్యకేటి తెలుసు? దాని గుణం అది చెప్తాది. మనం దిద్దకూడదు" అంది.

ఆ తర్వాత పక్కన కూర్చుని మిగతావి చేయించింది. రెండుతో పోనిది నాలుగుతోనూ పోదు గనక చాలా సంఖ్యలు దాటేశాం. తొంభై ఏడు దగ్గర ఆపమంది.

"వంద పైన చూడొద్దా అక్కా?"

"అక్కర్లేదు. వందని వందతో హెచ్చిస్తే పదివేలు. ఇది అంతకన్నా తక్కువ. వంద దాటినదేదైనా దీన్ని భాగిస్తే, దాని జోడీ వందలోపే దొరికుండాలి. దొరకలేదు కదా. దీన్ని ప్రధాన సంఖ్య అంటారు. నువ్వు తప్పు చెయ్యలేదు, ఇదే జవాబు."

ఏమీ దొరక్కపోవడం కూడా జవాబే అవుతుందని నాకు అంతవరకూ తెలీదు. ఆ సాయంత్రం కిటికీలోంచి సముద్రాన్ని చూస్తూ, భయం లేకుండా నిద్రపోయాను.

పది రోజులకి అమ్మ వచ్చింది. నాన్న భుజం పట్టుకుని, ఒక్కో మెట్టే ఓడ దిగింది. చాలా ఏళ్లు మాతోనే ఉంది గానీ, మునుపటి బలం మళ్లీ రాలేదు.

పోయినేడు డాక్టరు నా రిపోర్టులు చూసి, జబ్బు పూర్తిగా నయం కాదని చెప్పిన మాటని ఇంటికొచ్చి పిల్లలకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఈసారి ఏదీ చెరిపి దిద్దలేదు.