ఎదురు మాట లేని డిబేట్

ఈ రోజు గుంటూరులో, మా కాలేజీలో డిబేట్ పెట్టాం. మన ప్రభుత్వాన్ని విమర్శించే విదేశీ నాయకులను దేశంలోకి రానివ్వాలా, వద్దా అన్నది విషయం. రానివ్వాలని వాదించడానికి హాస్టల్లో ఉండే కనిగిరి అమ్మాయి సుప్రజను నేనే కూర్చోబెట్టి తయారు చేశాను. తీరా మొదలయ్యే ముందు ప్రిన్సిపాల్ గారు నన్ను పక్కకి పిలిచారు.

"చీఫ్ గెస్ట్ గారికి అలాంటి మాటలు నచ్చవండీ. ఆ అమ్మాయిని కూడా రానివ్వొద్దనే మాట్లాడమనండి."

"మరి డిబేట్ ఎవరితో సార్?"

"ఎవరితోనో ఒకరితో. అవతల బజ్జీలు చల్లారిపోతున్నాయి, కానివ్వండి!"

నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా వెళ్ళి చెప్పాను. సుప్రజ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కళ్ళు తుడుచుకుని స్టేజీ ఎక్కింది.

"విమర్శించేవాళ్ళని రానివ్వకపోతే బాగానే ఉంటుందండి. ఈ రోజు రెండు పక్షాలవాళ్ళమూ ఒకటే మాట చెప్పాం. ఎవరికీ జవాబు చెప్పుకోవాల్సిన పనే లేకపోయింది" అని దిగిపోయింది.

అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది మా ప్రిన్సిపాల్ గారే. పైగా ఫస్ట్ ప్రైజ్ కూడా ఆ అమ్మాయికే ఇప్పించారు. నేను సంతోషించాలో, తల బాదుకోవాలో మీరే చెప్పండి.