ముందు బోంజూర్, తర్వాతే పని

దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో నా పోస్టుకు చేరేసరికి ఉదయం ఆరు దాటింది. కంపెనీ బస్సు నన్నొక్కడినే దింపి వెళ్లిపోయింది. 2020 ఏప్రిల్. విమానాలు ఆగిపోయాయి. డేరా బజారులో దుకాణాలు మూతపడ్డాయి. రోడ్డు మీద మనిషి లేడు. ఆకాశం ఇసుక రంగులో ఉంది. గాలి అవీర్ మురుగునీటి ప్లాంటు వైపు నుంచి తిరిగినప్పుడల్లా కంపు.

ఆ కాలనీలో ఒక్కో వాడకు ఒక్కో దేశం పేరు పెట్టారు. నాకు పడింది ఫ్రాన్స్ వాడలో ఒక పాత భవనం. సామాను: వాకీటాకీ, జ్వరం చూసే గన్ను, మాస్కులు, గ్లౌజులు, ఒక ప్లాస్టిక్ కుర్చీ. ఆర్డరు: లోపలివాళ్లు బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు.

నేను సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో చేశాను. హవల్దారుగా రిటైరై, జగిత్యాల దగ్గర మా ఊళ్లో కొన్నాళ్లుండి, గార్డు ఉద్యోగానికి దుబాయ్ వచ్చాను. ఊళ్లో ఎవరు కలిసినా సరిహద్దు సంగతులు చెప్పమంటారు. నాకు డ్యూటీ అనగానే ఆ భవనం గుర్తొస్తుంది. అక్కడ మాకు తుపాకులు లేవు. భయం మాత్రం ఉంది, అందరికీ సమానంగా.

మా షిఫ్ట్ సూపర్‌వైజర్ నేపాలీ. అతనూ మాజీ సైనికుడే. మనసు మంచిది, గొంతు మాత్రం పరేడ్ గ్రౌండ్‌ది.

మూడో అంతస్తులో ముగ్గురు ఆడవాళ్లు దిగి ఉన్నారు. ఐవరీ కోస్ట్ నుంచి బట్టల బేరానికి వచ్చి, విమానాలు ఆగడంతో చిక్కుకుపోయారు. అందులో ఇద్దరికి కరోనా అని తేలితే, ముసుగుల మనుషులు వచ్చి తీసుకెళ్లారు. మిగిలింది ఆవా అనే పెద్దావిడ. అరవై దాటిన మనిషి. గది దాటవద్దని ఆమెకు ఇంగ్లిష్‌లో చెప్పి, అదే సంగతి అరబ్బీలో తలుపుకు అంటించారు. ఆమెకు ఆ రెండు భాషలూ రావు.

నేను చేరిన మర్నాడు పొద్దున తిండి పొట్లాలు ఇవ్వడానికి పైకి వెళ్లాను. ముందురోజు పెట్టిన పొట్లాలు తలుపు దగ్గర అలాగే ఉన్నాయి. చీమలు పట్టాయి. సూపర్‌వైజర్ వచ్చి తలుపు మీద అరచేత్తో దబదబ బాదాడు.

"మేడమ్! ఓపెన్! డోర్ ఓపెన్!"

లోపల ఏదో కుర్చీ జరిగిన చప్పుడు. అంతే. తలుపు తెరుచుకోలేదు. అతను వాకీటాకీ తీశాడు.

"కంట్రోల్, మూడో ఫ్లోర్ లేడీ తలుపు తీయడం లేదు. ఓవర్."

"మెడికల్ టీమ్ దారిలో ఉంది. వాళ్లు వచ్చేసరికి తీయించండి. తీయకపోతే గడియ విరగ్గొట్టండి. ఓవర్."

విరగ్గొట్టడం మాకు తెలిసిన పనే. కానీ లోపల ఉన్నది ఒంటరి ముసలావిడ.

"ఉస్తాద్, ఏక్ మినిట్. నేను మాట్లాడి చూస్త" అన్నాను.

రిటైర్ కాకముందు శాంతి సేనతో కాంగోలో ఉన్నాను. అక్కడ ఆఫీసు భాష ఫ్రెంచ్, ఐవరీ కోస్ట్‌లోనూ అదే. మా దళానికి స్థానికుడైన దుబాసీ ఉండేవాడు. అంతకుముందు బడిపంతులుగా చేసినవాడు. చెక్‌పోస్టు దగ్గర మావాళ్లు బండి ఆపి నేరుగా కాగితాలు అడిగితే ఆయన మొహం చిన్నబోయేది. "ముందు బోంజూర్ అనండి. వాళ్లు తిరిగి అనేదాకా ఆగండి. ఎలా ఉన్నారని అడగండి. కాగితాలు ఎక్కడికీ పోవు. పలకరించకుండా పని చెబితే మనిషిని గోడ కింద లెక్కగట్టినట్టు" అనేవాడు. పెద్దవాళ్లను 'వూ' అనాలనీ, 'త్యూ' అంటే మన 'నువ్వు' లాంటిదనీ నేర్పింది ఆయనే. నా ఫ్రెంచ్ ఆ నాలుగు ముక్కలే.

టోపీ తీసి, తలుపుకు కాస్త దూరంగా నిలబడ్డాను. వేలి కణుపుతో మెల్లగా రెండుసార్లు కొట్టాను.

"బోంజూర్, మదామ్."

సూపర్‌వైజర్ కదలబోతే చెయ్యి అడ్డం పెట్టాను. ఆగడమే కష్టం. ఊరికే ఆగాను.

"బోంజూర్" అంది లోపలి గొంతు. సన్నగా, బొంగురుగా.

"కొమాన్ తలే వూ, మదామ్?" ఎలా ఉన్నారమ్మా అని.

ఆ ఒక్క మాటతో లోపల ఆనకట్ట తెగింది. తలుపు అవతలినుంచి మాటలు, ఏడుపు, మళ్లీ మాటలు. నాకు దొరికినవి రెండే: 'టెలిఫోన్', 'ఫీయ్'. ఫీయ్ అంటే కూతురు. 'వీ, మదామ్, వీ', అవునమ్మా అవును అంటూ విన్నాను. చివరికి గడియ తీసిన చప్పుడైంది.

భారీ మనిషి. గోడ పట్టుకుని నిలబడింది. పెదవులు ఎండిపోయాయి. సూపర్‌వైజర్‌ను చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. అతను చప్పున మాస్కు సర్దుకుని, తల వంచి, "బోంజూర్ మదామ్" అన్నాడు. నేర్పకుండానే అన్నాడు.

ఇంతలో మెడికల్ టీమ్ వచ్చింది. నర్సు అమలాపురం వైపు అమ్మాయి. ఆవాకు జ్వరం, షుగరు చూసి, నా పేరుపట్టీ చదివి తెలుగులోకి దిగింది.

"అన్నయ్యగారూ, ఈవిడకి షుగరుందండి. మందులైపోయి ఎన్నాళ్లయ్యిందో! జ్వరం కూడా ఉంది. ఇప్పుడే హాస్పిటల్‌కి తీసుకెళ్లాలి."

ఫోన్లో ఏదో అనువాదం చూసి ఆవాకు గట్టిగా చదివి వినిపించింది. ఆవా మొహం బిగుసుకుంది.

"సిస్టర్, అండ్ల 'త్యూ' అని వస్తుంది. 'వూ' అనుండ్రి. పెద్దమనిషిని నువ్వు అన్నట్టయితుంది" అన్నాను.

"అయ్యబాబోయ్, మా అమ్మమ్మ వయసండీ!" అని నాలుక కరుచుకుంది. మళ్లీ చదివింది, 'వూ' పెట్టి, చేతులు జోడించి. ఆవా ఆ చేతుల వంక చూసి కొంచెం మెత్తబడింది.

కానీ బయలుదేరదు. తల అడ్డంగా ఊపుతూ తన ఫోన్ చూపిస్తోంది. టూరిస్టు సిమ్ గడువు తీరి ఆగిపోయింది. కొత్తది కొనడానికి దుకాణం లేదు. అప్పుడు నాకు అర్థమైంది. కళ్లముందే ఇద్దరిని ముసుగుల మనుషులు తీసుకుపోయారు. తనూ అలాగే పోతే, పోయినట్టు కూతురికి చెప్పే దిక్కు లేదు. అందుకే తలుపు తీయలేదు.

లైన్ తెగిన పోస్టులో కూర్చోవడం ఎలా ఉంటుందో సిగ్నల్స్‌లో చేసినవాడికి చెప్పనక్కర్లేదు.

నా ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టాను. ఆమె ఫోన్ అందుకుని కలిపాను. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత ఆ ఫోన్ ఆగకుండా మోగడం మొదలెట్టింది. కూతురు పంపిన మెసేజ్‌లు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఆమె వెంటనే కాల్ నొక్కింది. కలవలేదు. ఈ దేశంలో వాట్సాప్ కాల్స్ పోవు. ఆమె మళ్లీ కుంగిపోయింది. మైకు గుర్తు మీద వేలు పెట్టి నొక్కి పట్టుకోమని చూపించాను. కాల్ పోకపోయినా గొంతు పోతుంది.

ఆమె మాట్లాడింది. పంపింది. కిందనుంచి అంబులెన్స్ డ్రైవర్ "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ హారన్ కొడుతున్నాడు.

వాకీటాకీ పలికింది. "ఏం ఆలస్యం? ఓవర్."

సూపర్‌వైజర్ నన్ను చూశాడు, ఆమెను చూశాడు. "పేషెంట్ తయారవుతోంది. కాసేపు పడుతుంది. ఓవర్" అన్నాడు. కిందికి దిగి డ్రైవర్‌కు తనే సర్దిచెప్పాడు.

కూతురి జవాబు వచ్చింది. విన్నాక ఆవా లేచి తలగుడ్డ బిగించుకుంది. నర్సు భుజం మీద చెయ్యి వేసి మెట్లు దిగింది.

"హాస్పిటల్లో నెట్ నేను చూస్కుంటానండి, మీరు బెంగెట్టుకోకండి" అంది నర్సు నాతో.

అన్నట్టే చూసుకుంది. ఆవాకూ కరోనా అనే తేలింది. అది తేలికగానే పోయింది, షుగరే కొన్నాళ్లు సతాయించింది. ఎండలు ముదిరాక వేసిన ప్రత్యేక విమానంలో ఆవా ఇల్లు చేరింది. చేరినట్టు కూతురు నర్సుకు చెబితే, నర్సు నాకు ఫోన్ చేసి చెప్పింది. చెబుతూ ఏడ్చింది. ఆ ఏడాది ఆమె చూసిన వాటిలో బాగా ముగిసినవి తక్కువ.

మరుసటి ఏడాది నేను ఉద్యోగం ఖలాస్ అనిపించుకుని ఇంటికొచ్చాను. ఇప్పుడు మా ఊరినుంచి కొందరు పిల్లలు ఆఫ్రికాలో పనులకు పోతున్నారు. సలహా అడుగుతారు. దిగంగనే సిమ్ తీసుకోండి, ఇంటి నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి, నోరు తెరిస్తే ముందు పలకరింపు రావాలె అని చెబుతాను. అంతకుమించి నాకు తెలిసింది లేదు.

కానీ కళ్లు మూసుకుంటే కనిపించేది వేరే. ఆ రోజు కూతురి జవాబు వింటూ ఆవా గడప మీదే కూలబడింది. కాళ్లు వరండాలోకి చాపింది. వాచిన కాళ్లు, చెప్పులు లేవు. కళ్లు మూసుకుని, ఫోన్‌ను రెండు చేతులతో చెవికి అదిమి పట్టుకుంది. కూతురి మాట అయిపోయాక, అవతల ఎవరో చిన్నపిల్ల పాటో పద్యమో గబగబా అప్పజెప్పింది. ఆవా కళ్లు తెరవలేదు, నవ్వలేదు. ఆ చల్లటి పలకల మీద కాలి వేళ్లు మాత్రం, ఆ పిల్ల గొంతుకు తగ్గట్టు, మెల్లగా లేస్తూ పడుతున్నాయి.