సద్ది స్తోత్రం చెల్లదు

మా పెద్దమ్మ పోయిన వారం కన్నుమూసింది. పొద్దున చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మంచం మీద నడుం వాల్చి, అటునుంచి అటే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. ఆమె గురించి నాలుగు మాటలు రాయమని సంఘ పెద్దలు నన్ను అడిగారు. ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కణ్నే కావడం తప్ప వేరే అర్హత నాకు లేదు. గంభీరంగా రాయాలని, ఎకసెక్కాలు వద్దని కూడా చెప్పారు. ఇంతవరకు గంభీరంగానే ఉన్నానని పాఠకులు గమనించగలరు.

పెద్దమ్మ అంటే మా నాన్నకు వదిన. పెద్దనాన్న పోయినప్పటి నుంచి మాతోనే ఉండేది. ఖిల్లా ఘణపూర్ పక్కన మా ఊళ్లో పల్లి చేన్లకు కూలికి పోవడం ఆమె పని. సాయంత్రం భోజనాల దగ్గర మా ప్రాణాలు తీయడం ఆమె పరిచర్య.

పద్ధతి ఇది. అన్నం వడ్డించాక ఎవరూ ముద్ద కలపకూడదు. దేవుడు ఆ రోజు చేసిన మేలు ఒక్కొక్కరూ ఒకటి చెప్పాలి. నిన్న చెప్పింది మళ్లీ చెబితే ఒప్పుకోదు. అందరూ చెప్పేదాకా తన పళ్లెం మీద అరచెయ్యి మూతలా బోర్లించి కూర్చునేది. ఆ చెయ్యి లేస్తేనే మాకు తిండి.

"ఆయన నీకు రోజూ కొత్త దినమిస్తుండు. నువ్వు ఆయనకు సద్ది స్తోత్రం పెడ్తవా?" అనేది.

ఈ అలవాటు ఆమెకు వలసలో పట్టుకుందట. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ పుణె దిక్కు కాలువ పనికి పోయారు. ఒకరోజు గుడిసెలో రొట్టె, పచ్చిమిరపకాయ తప్ప ఏమీ లేవు. "ఇయ్యాల ఏమని చెప్తవే స్తోత్రం?" అని పెద్దనాన్న ఎత్తిపొడిచాడు.

"మిరపకాయ కారమున్నది, కుండల నీళ్లు సల్లగున్నయి. రెండూ ఒక్కనాడే ఇచ్చిండు గద" అందట పెద్దమ్మ. పెద్దనాన్న మళ్లీ అడగలేదు.

ఆమె ముందు హోదాలు పనిచేసేవి కావు. ఒకసారి మా చర్చి అయ్యగారు మా ఇంటికి భోజనానికి వచ్చారు. గాలి, నీరు, వెలుగు, సకల సృష్టి కోసం స్తుతించి, ఆమెన్ అని, పప్పులో చెయ్యి పెట్టబోయారు. పెద్దమ్మ చెయ్యి పళ్లెం మీదే ఉంది.

"అయ్యగారూ, గవన్నీ నిన్న గూడ ఉండె గద. ఇయ్యాల్టిది చెప్పుండ్రి."

ఆయన మా నాన్న వైపు చూశారు. మా నాన్న గోడ వైపు చూశాడు. చివరికి అయ్యగారు గొంతు సవరించుకుని, "బండి పంక్చరైంది. అయితే మీ వాకిట్లకు వచ్చినంకనే అయింది" అన్నారు.

"గట్ల చెప్పాలె" అని పెద్దమ్మ చెయ్యి తీసింది. తర్వాతి ఆదివారం అయ్యగారి ప్రసంగం కృతజ్ఞత గురించే. పంక్చరు కూడా అందులో ఉంది.

నాకు ఉద్యోగ పరీక్ష పోయిన రోజు మాత్రం నేను మొండికేశాను. "ఇయ్యాల దేవుడు సెలవుల ఉన్నడు పెద్దమ్మా, నువ్వు తిను" అన్నాను. ఆమె కోప్పడలేదు. చెయ్యీ తీయలేదు. అమ్మ నన్ను చూసింది, నేను పప్పును చూశాను. నాన్నకు ఆకలి ఎక్కువ. "ఏదోటి చెప్పురా, సల్లారిపోతుంది" అని బతిమాలాడు.

"ఫలితం ఎట్లొస్తదోనని ఇన్ని దినాలు బుగులుండె. ఇయ్యాల్టి నుంచి ఆ బుగులు లేదు" అన్నాను, ఒళ్లు మండి.

"గది సాలు బిడ్డా. ఇగ తిను" అంది. ఆ రాత్రి నాకు నిద్ర కూడా పట్టింది.

ఇక వంకాయ సంగతి. పెద్దమ్మ ఏ కూర వండినా చివరికి వంకాయే అయ్యేది. నాకది గిట్టదు. ఒకనాడు పళ్లెంలో పప్పు ఒక్కటే చూసి, తెలివిగా, "ఇయ్యాల వంకాయ కానందుకు స్తోత్రం" అన్నాను. ఆమె నింపాదిగా గిన్నె మీది మూత తీసింది. గుత్తి వంకాయ.

"నువ్వు వంకాయకు స్తోత్రం చెప్పేదాక నేను యాడికీ పోను కొడకా" అంది. నాకు తెలిసి పెద్దమ్మ తప్పిన మాట అదొక్కటే.

పోయిన రోజే సమాధి చేశాం. ఆ సాయంత్రం మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. పెద్దమ్మ పనికి పోయే చేను గలామె మాకు అన్నం, కూర వండి తెచ్చింది. ఆమె మొక్కేది కురుమూర్తి స్వామికి. అయినా మధ్యాహ్నం గట్టు మీద పెద్దమ్మ పక్కన అన్నం డబ్బా విప్పితే ఆమెకూ స్తోత్రం నుంచి మినహాయింపు ఉండేది కాదు. ఆమే మాకు వడ్డించి, తనూ ఒక పళ్లెం పెట్టుకుంది. ఎవరూ ముద్ద కలపలేదు. నాన్న తన పళ్లెం మీద అరచెయ్యి బోర్లించాడు. అమ్మ బోర్లించింది. చేను గలామే, నేనూ అంతే.

"ఇయ్యాల ఏముందని చెప్తం?" అంది అమ్మ.

ఆ పూట చెప్పకుండా తింటే మర్నాడూ చెప్పం. అప్పుడు ఆ మట్టిలో పెద్దమ్మతో పాటు ఇదీ పెట్టి వచ్చినట్టే. నాకు ఒక్క మేలూ తోచలేదు. వేళ్ల సందుల్లోంచి పళ్లెంలోకి చూశాను. వంకాయ.

"మీ పెద్దమ్మ మా గట్టు మీద పెట్టిన చెట్లయే" అంది చేను గలామె. "ఇయ్యాలనే మొదటి కాయలు తెంపిన."

నేను కళ్లు మూసుకున్నాను. "ఇయ్యాల వంకాయ అయినందుకు, తండ్రీ, నీకు స్తోత్రం."

ముందు నవ్వింది అమ్మే. పొద్దుటి నుంచి ఏడ్చిన గొంతుతో, "ఇదేదో నిన్న చెప్తే ఏం పోతుండెరా?" అంది.

"ఇన్నవా వదినా, వంకాయకు లొంగిండు" అన్నాడు నాన్న, పైకప్పు వైపు చూస్తూ.

కూర ఎప్పటిలాగే ఉంది, అబద్ధం చెప్పను. కానీ అది తర్వాతి మాట. ముందు అందరం ఒక్కసారే చేతులు తీశాం. నాలుగు పళ్లేల మీద ఆవిరి లేచింది. అందరి అరచేతులూ తడిగా, వెచ్చగా ఉన్నాయి.