నేతగాడి ముక్కులో గడ్డ

పోలీసు చర్య ముగిసిన చలికాలంలో మా సైనిక వైద్యదళం పెద్దపల్లి స్టేషన్‌లో దిగింది. రెండు ట్రక్కులు, ఒక ఆపరేషన్ గుడారం, ఈథర్ సీసాలు. పొడినేల, కోసే గాలి. చీకటి పడేలోగా గుడారం లేవాలి, ఊళ్లవాళ్లకు కూడా వైద్యం చేయాలి: ఇదీ కెప్టెన్ డాక్టరు ఆజ్ఞ. నేను నర్సింగ్ సిపాయిని.

సుల్తానాబాద్ నుంచి ఇరవై నిండని నేతగాడిని భార్య ఎడ్లబండిలో తెచ్చింది. ఎడమ చెంప ఉబ్బింది. ముక్కు మూసుకుపోయింది, తరచూ రక్తం. పెద్దరోగమని వెలివేశారు. జబ్బు పేరు తెలియని ఊరు శిక్ష మాత్రం వేసింది.

"కుష్ఠు కాదు. రక్తనాళాల గడ్డ," అన్నాడు కెప్టెన్. "ఒళ్లంతా పాకే రకం కాదు. కానీ వదిలేస్తే రక్తం పోయి చనిపోతాడు. కోయాలి."

"ముక్కు కోసినంక మా అత్త నన్ను గుర్తువడ్తదా సారూ?" నేతగాడు నవ్వాడు.

"నీ మొకం జూసి ఇచ్చిందా పిల్లను? మగ్గం జూసి ఇచ్చింది," అంది భార్య. "జర సప్పుడుజెయ్యక పండు."

ఉదయం ఎనిమిదికి ఈథర్ మత్తు. ముక్కు పక్కన కోసి గడ్డ తీశారు. రక్తం ఆగలేదు. కెప్టెన్ గాజుగుడ్డ ఉండను నోటిగుండా పంపి ముక్కు వెనక బిగించాడు. దాన్ని పట్టి ఉంచే రెండు దారాలను ముక్కులోంచి బయటికి తీసి చెంపకు అతికించాడు.

వైర్‌లెస్ హవల్దారు సికింద్రాబాద్‌ను పిలిచాడు. "రక్తం పంపండి. ఓవర్."

"రేపటి బండికి. అంతదాకా మీరే చూసుకోండి. ఓవర్."

"కట్టును ముట్టవద్దు," అని కెప్టెన్ నేతగాడి భార్యకు ఆజ్ఞాపించాడు. ఎందుకో చెప్పలేదు. సైన్యంలో ఎవరూ చెప్పరు.

మధ్యాహ్నం అతను కళ్లు తెరిచాడు. ఆమె మొహం తుడిచింది. తన తల్లి అల్లుణ్ని చూడవస్తోందట. మగ్గం నుంచి దింపిన బట్టకు వేలాడే పోగులు కత్తిరించడం నేతింటి అలవాటు. నడుముకున్న చిన్న కత్తెరతో, చెంపకు అతికించిన ఆ రెండు దారాలను ముక్కు అంచుదాకా కత్తిరించింది.

ఉండ గొంతులోకి జారింది. ఊపిరాడక అతను నీలంగా మారాడు. కెప్టెన్ పటకారుతో లాగాడు. ఊపిరి వచ్చింది, దాని వెంటే రక్తం. కుక్కాము, నొక్కాము. ఎక్కించడానికి రక్తం లేదు. పొద్దుగూకకముందే పోయాడు.

"కట్టును ముట్టలే సారూ! పోగులే కోసిన. గవి ఏలాడుతుండె!"

ఊరి వెలిని తిట్టిన నోటితోనే ఇదీ చెబుతాను. కారణం చెప్పని ఆజ్ఞకూ మంత్రానికీ తేడా లేదు. మంత్రాలను నమ్మని కెప్టెన్ ఆమెకు మంత్రమే ఇచ్చాడు.

వేసవిలో ఇంటికి వచ్చాను. అందరూ యుద్ధం గురించి అడుగుతారు. నాకు కనిపించేది ఒకటే. శవం పక్కన కూర్చుని ఆమె, నెత్తుటి దారాల తెగిన కొనలను వేళ్ల మధ్య మెలిపెట్టి, మగ్గం మీద పోగును అతికినట్టు అతుకుతోంది.