నా మోకాలి గురించి రెండోసారి చెబుతున్నాను

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు పేరట మీ అందరికీ వందనాలు. నా పేరు దీవెన. పోయిన సంవత్సరం ఉజ్జీవ సభల్లో, ఇదే పందిరి కింద, ఇదే మైకు పట్టుకుని, మందుల్లేకుండా దేవుడు నా మోకాలిని బాగుచేశాడని సాక్ష్యం చెప్పాను. మీరు చప్పట్లు కొట్టారు, స్తోత్రం అన్నారు, కొందరు ఏడ్చారు కూడా. ఆ మాట అబద్ధం. ఆ రోజు మైకు దగ్గరికి రాకముందు పందిరి వెనక్కి పోయి రెండు గోళీలు మింగి వచ్చాను. ఇది వినలేక మధ్యలో ఎవరైనా లేచి వెళ్లాలనుకుంటే వెళ్లవచ్చు, నేను ఏమీ అనుకోను, కానీ నేను మాత్రం మొత్తం చెప్పాకే ఈ మెట్లు దిగుతాను.

పక్క ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు నేను తెలియదు కాబట్టి కొంచెం వెనక నుంచి చెబుతాను. మా అమ్మ పర్ణశాలలో యాత్రికులకు ఇడ్లీలు, మిర్చి బజ్జీలు అమ్ముతుంది. నేను ఖమ్మంలో హాస్టల్లో ఉండి చదువుకున్నాను. అక్కడ మా పీఈటీ మేడమ్ కర్లింగ్ అనే ఆట తెచ్చారు. అసలైతే అది మంచు మీద ఆడే ఆట, దాదాపు ఇరవై కిలోల రాయిని దూరంగా గీసిన వృత్తం దాకా జారవిడవాలి, రాయి ముందు ఇద్దరు బ్రష్షులతో మంచును రుద్దుకుంటూ పరుగెత్తాలి, రుద్దినకొద్దీ రాయి ఇంకొంచెం ముందుకు పోతుంది. మన ఖమ్మం ఎండల్లో మంచు ఎక్కడిది, అందుకని మేము కింద చక్రాలున్న రాళ్లతో బ్యాడ్మింటన్ కోర్టులో నేర్చుకున్నాం. రాయి పట్టుకుంటే నా చేయి వణకదని మేడమ్ అనేవారు. జిల్లా దాటాను, రాష్ట్ర జట్టులోకి వచ్చాను, పంతొమ్మిదో ఏట ఉత్తరాదిన కొండల్లో మంచు మీద శిక్షణకు పిలిచారు. ఆ ఫొటో చూసి మా అమ్మ, "ఇంట్ల చీపురు పట్టమంటే పట్టవ్, గంత దూరం పోయి మంచు ఊడుస్తున్నవా?" అని నవ్వింది, ఆ ఫొటోనే ఫ్రేము కట్టించి బండి దగ్గర పెట్టుకుంది.

రెండో శీతాకాలం అదే మంచు మీద పడ్డాను. ఎడమ మోకాలు మెలిపడింది. ఈ ఆటలో రాయి వదిలేటప్పుడు ఎడమ కాలిని పూర్తిగా మడిచి, దాని మీదే బరువంతా మోపి జారాలి, కాబట్టి ఆ మోకాలు లేకపోతే ఆటే లేదు. డాక్టరు లోపల నరం లాంటిది తెగిందన్నారు, ఆపరేషన్ చేయాలి, ఏడాది ఆడకూడదు అన్నారు. విదేశానికి వెళ్లే జట్టు ఎంపిక మూడు నెలల్లో ఉంది. శిక్షణలో నాతో ఉన్న ఒక సీనియర్ అక్క నొప్పి తెలియనీయని గోళీల షీటు ఒకటి నా చేతిలో పెట్టింది. అది ఆటగాళ్లు వాడకూడని మందని నాకు తెలుసు, సహోదరులారా, తెలిసే వేసుకున్నాను. మొదట రోజుకు ఒకటి, తరువాత రెండు, తరువాత పొద్దున లేవాలంటేనే రెండు. అవి లేకపోతే చెమటలు, ఆవులింతలు, కడుపులో మెలిపెట్టే నొప్పి, ఎవరు పలకరించినా కోపం. అమ్మ అన్నం పెడితే కంచం తోసేసిన రోజులున్నాయి. ఆటకు ముందు ప్రార్థన చేసుకునేదాన్ని, ఆ ప్రార్థన చేసే నోట్లోనే గోళీ ఉండేది.

అలా ఇంటికి వచ్చినప్పుడు మన స్త్రీల సమాజం నా మోకాలి కోసం ఇరవై ఒక్క రోజులు ఉపవాసం చేసింది. పత్తి ఏరి, కూలికి పోయి, పగలంతా ఏమీ తినకుండా వచ్చి సాయంత్రం నా మోకాలి మీద చేతులు పెట్టి ప్రార్థన చేశారు. ఇరవై ఒకటో రోజు నేను కుంటకుండా నడిచాను. వాళ్ల ముఖాలు చూశాక గోళీల సంగతి చెప్పలేకపోయాను. మన అయ్యగారు, అంటే పాస్టరుగారు, సభల్లో సాక్ష్యం చెప్పమని పిలిచారు. నేను స్టేజీ మీద ఆటలో లాగే మోకాలు మడిచి కూర్చుని లేచి చూపించి, "డాక్టరు లేకుండా, మందు లేకుండా నా దేవుడు నన్ను లేపాడు" అన్నాను. ఎవరో వీడియో తీశారు, అది సత్తుపల్లి దాకా, మధిర దాకా ఫోన్లలో తిరిగింది. నాకు భయం వేయలేదు, గర్వం వేసింది, అది కూడా ఒప్పుకుంటున్నాను.

తరువాతి నెలలో ఎంపిక పోటీలు జరిగాయి. చివరి ఆటలో నేను మంచు రుద్దుతూ పరుగెత్తుతుంటే నా బ్రష్షు అంచు రాయికి తగిలింది. ఎవరూ చూడలేదు. కర్లింగ్‌లో రాయికి తగిలితే తగిలినవాళ్లే చెప్పాలి, అది ఆ ఆటలో పద్ధతి. నేను చెప్పాను, ఆ రాయిని పక్కన పెట్టించారు, అయినా మేమే గెలిచాం. దీవెన లాంటి నిజాయితీపరురాలు కావాలి అని కోచ్ అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. నా పేరు జట్టులో రాశారు. గోళీల షీటు నా జాకెట్ జేబులోనే ఉంది.

ఎండాకాలం సెలవులకు ఇంటికి వచ్చాక రాహేలమ్మ పెద్దమ్మ భద్రాచలం దవాఖానాలో ఉందని తెలిసింది. మా వీధే, నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. తునికాకు కోతకు అడవికి పోతే కాలికి ముల్లు గుచ్చుకుంది, మానలేదు, నల్లబడింది, రెండు కాలివేళ్లు తీసేశారు. ఆమెకు షుగర్ ఉందని అందరికీ తెలుసు, గోళీలు ఎందుకు వేసుకోలేదని నర్సులు తిడుతున్నారు. నేను మంచం పక్కన కూర్చున్నాను. ఆమె నా చేయి పట్టుకుని మెల్లగా చెప్పింది. "నువ్వు మందుల్లేకుండ లేచినవ్ గద బిడ్డా, నేను గూడ నీ లెక్కనే నమ్మాలనుకున్న. నీ సాక్ష్యం ఇన్న కాడికెల్లి గోళీలు ఆపిన. నా విశ్వాసం సాలలేదు గావచ్చు."

బయటికి వచ్చి దవాఖానా గోడ పక్కన కూర్చున్నాను, ఎండ మండిపోతోంది. ఆ రోజు నేను చేసిన ప్రార్థన ఇది: "ప్రభువా, నన్ను బాగుచెయ్ అని అడగను. నా అబద్ధం ఆమె వేళ్లు తిన్నది. అది ఇంకొకరి జోలికి పోకముందే నాతో నిజం చెప్పించు. తర్వాత నాకు ఏమైనా సరే."

ఇంటికి పోయి అమ్మకు చెప్పాను. అమ్మ బండి కడుగుతోంది, గిన్నె కింద పెట్టి నా వైపు చూసింది. "రోజుకు ఎన్నేస్తున్నవ్?" అని అడిగింది. ఆరు అన్నాను. "అన్నీ నా చేతిల పెట్టు. పొద్దుగాల ఖమ్మం పోతున్నం, డాక్టరు ఏం చెప్తే గదే చేస్తం," అంది. తిట్టలేదు, ఏడవలేదు, మరునాడు బండి మూసేసి నాతో బస్సెక్కింది. ఒక్కసారిగా ఆపకూడదని, కొంచెం కొంచెం తగ్గించాలని డాక్టరు చెప్పారు. వానాకాలమంతా అదే పని. వణుకు, వాంతులు, కాళ్లలో పురుగులు పాకినట్టు ఉండేది. వద్దనుకుంటూనే అమ్మ దాచిన డబ్బా కోసం రెండుసార్లు ఇల్లంతా వెతికాను, దొరక్క బయటికి పోబోతే రెండుసార్లూ అమ్మ తలుపుకు అడ్డంగా నిలబడింది. ఉపవాసం చేసిన అదే స్త్రీలకు, పెద్దమ్మకు దీవెనే చెబుతుందని మాట తీసుకుని, అమ్మ సంగతి చెప్పింది, కొందరు రావడం మానేశారు, నలుగురు మాత్రం వంతులు వేసుకుని నా దగ్గర కూర్చున్నారు. దసరా పండుగ వెళ్లాక ఒక ఉదయం, గోళీ లేకుండా వారం గడిచిందని నాకు తెలిసింది. దేవునికే మహిమ. ఆ డాక్టరును పెట్టింది ఆయనే, మా అమ్మను తలుపు దగ్గర నిలబెట్టింది ఆయనే.

తరువాత ఆట సంఘానికి ఉత్తరం రాశాను, ఏ మందు, ఎన్ని రోజులు, అన్నీ రాశాను. నా పేరు జట్టులోంచి తీసేశారు, ఆడకుండా కొంతకాలం నిషేధం పెట్టారు. ఆ జట్టు నేను లేకుండానే విమానం ఎక్కింది, ఆ రోజు వాళ్ల మీద అసూయ వేసింది, వేయలేదని చెబితే మళ్లీ అబద్ధమవుతుంది. అయ్యగారి దగ్గరికీ పోయాను. సంఘం పరువు పోతుందని అంటారేమో అనుకున్నాను. ఆయన మాత్రం, "ఆ దినం నీకు మైకు ఇచ్చింది నేనే తల్లీ, ఒక్క మాట అడగకుండ ఇచ్చిన. మళ్ల నేనే ఇస్త," అన్నారు.

అందరికీ చెప్పాను గానీ, పెద్దమ్మకు చెప్పలేకపోయాను. అసలు చెప్పాల్సిన మనిషి ఆమే, ఆమె దగ్గరికి పోవడానికే నెలలు పట్టింది. పోయిన గురువారం పోయాను. ఇంటి ముందు కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నిలబడే చెప్పాను, గోళీలు, పందిరి వెనక, అన్నీ. ఆమె గింజలు తీయడం ఆపలేదు. ఆఖరికి తలెత్తి, "అంటే, నా విశ్వాసంల తప్పేం లేదన్నట్టేనా?" అంది.

లేదు పెద్దమ్మా, తప్పంతా నాదే అన్నాను.

అప్పుడు ఏడ్చింది, సహోదరులారా. "ఇన్ని నెలల సంది దేవుడు నన్ను పక్కకు వెట్టిండనుకున్న. ప్రార్థనల కూసుంటే నోరు పెగలకపాయె," అని ఏడ్చింది. కొంచెంసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని, "నీ మీద కోపం లేదని చెప్పను. కాలు సూసుకున్నప్పుడల్ల ఉంటది. గని నాకొక్కదానికి చెప్తే కాదు, గా మైకులనే చెప్పు. నా లెక్క ఇంకెందరు ఆపిండ్రో," అంది.

అందుకే వచ్చాను. నా మోకాలికి మూడు నెలల క్రితం ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఖమ్మంలో మా పాత కోర్టులో కుర్చీలో కూర్చుని చక్రాల రాళ్లు నెడుతున్నాను, నిషేధం ముగిసిన రోజు ఎంపికకు పోయి నిలబడతాను, తీసుకుంటారో లేదో వాళ్ల ఇష్టం. గోళీ లేని కాలుతోనే పోతాను.

ప్రియులారా, ఆయన్ని నమ్మండి. ఆయన బాగుచేసే దేవుడే, నన్ను ఆ మందు నుంచి విడిపించాడు, అబద్ధం నుంచి విడిపించాడు. ఆయన పేరు నిలబెట్టడానికి మన అబద్ధాలు ఆయనకు అక్కర్లేదు. నా పాత వీడియో చూసి షుగర్‌కో, బీపీకో, ఫిట్స్‌కో ఎవరైనా గోళీలు ఆపి ఉంటే, మీ విశ్వాసంలో లోపం ఏమీ లేదు, నన్ను క్షమించండి, ఈ రోజే మళ్లీ డాక్టరును కలవండి. పందిరి గుమ్మం దగ్గర బల్ల వేసి దవాఖానా నర్సు కూర్చుంది, రక్తంలో షుగర్ చూస్తుంది, ఎవరి పేరూ మైకులో చెప్పరు. సిగ్గుపడేవాళ్లు సిగ్గుపడవద్దు. అదిగో, మొదటి వరుసలోంచి రాహేలమ్మ పెద్దమ్మ లేచి కర్ర పట్టుకుని అటే నడుస్తోంది. ఆమె వెనక రండి.