రాకెట్‌ను వదలని నాలుగు చేతులు

సుబేదారిలో నాది వెల్డింగ్ షాపు. గేట్లు, కిటికీ గ్రిల్స్ చేస్తాను. ఏడో తరగతి సగంలో బడి గోడ దూకి పారిపోయినవాణ్ణి. ఆ గోడ మీద ఇప్పుడున్న ఇనుప కంచె నేను బిగించిందే. పిల్లలు ఎక్కడ దూకుతారో నాకంటే ఎవరికి తెలుసు?

ఆ బడిలో నాకు సైన్సు చెప్పిన టీచర్ మొన్నీమధ్య షాపుకొచ్చింది. నెలాఖరుకు ఆమె రిటైర్మెంట్. చేతిలో ఒక ఇనుప రాకెట్ బొమ్మ, మొట్టమొదటి ఉపగ్రహాన్ని పైకి మోసుకుపోయిన రకం.

"ఇది నేలమీద నిలబడదురా. నాలుగు చేతులు నడుముకాడ పట్టుకొని ఉంటయ్. రాకెట్ లేవంగనే పువ్వు లెక్క విచ్చుకుంటయ్. నా ఆఖరి క్లాసుల పిల్లలకు చూపియ్యాలె. చేస్తవా?"

"చేస్త టీచర్. కింద నిప్పు గూడ పెట్టాల్నా?"

"వద్దు. నా క్లాసుల నువ్వు పెట్టిన నిప్పు సాలు."

గేటు తనంతట తాను తెరుచుకుంటే మమ్మల్ని తిడతారు. ఈమెకేమో తమంతట తామే తెరుచుకునే గేట్లు నాలుగు కావాలి! లాంచ్ ప్యాడ్‌గా ఒక ఇనుప పీట చేసి, దానికి నాలుగు చేతులు బిగించి, ప్రతి చేతికీ వెనక బరువు కట్టాను. రాకెట్ పైకి లేస్తే బరువు చేతిని వెనక్కి లాగాలి. పని చేస్తుంటే అవి మాటిమాటికీ పడిపోతున్నాయి. కదలకుండా ఉండాలని రాకెట్‌కూ చేతులకూ నాలుగు చోట్ల చుక్క వెల్డింగ్ పెట్టాను. గేటుకైనా అలాగే పెట్టి, చివర్లో కోసేస్తాం. ఈసారి కోయడం మరచి, పైన వెండి రంగు కూడా కొట్టేశాను. ఎంత అందంగా ఉందో!

క్లాసులో నేను తలుపు దగ్గర నిలబడి చూస్తుంటే, రాకెట్‌కు కట్టిన తాడును ఫ్యాను కొక్కెం మీదుగా వేసి టీచర్ లాగింది. రాకెట్ లేచింది. దాంతోపాటు చేతులు, లాంచ్ ప్యాడ్, దాని అంచుకు చిక్కుకుని కింద పరిచిన గుడ్డ కూడా లేచాయి.

"టీచర్, బడి గూడ పోతాందా అంతరిక్షానికి?" అంది ముందు బెంచీ పిల్ల. క్లాసంతా ఒకటే నవ్వు. టీచర్ మాత్రం నవ్వలేదు. ఇన్నేళ్లు చెప్పిన పాఠాల్లో ఇది చివరిది, దాన్ని నేనే చెడగొట్టాను.

స్కూటర్ డిక్కీలోంచి రంపం బ్లేడు తెచ్చాను.

"బెల్లుకు ఇరవై నిమిషాలున్నయ్. జల్ది కొయ్యిరా," అంది టీచర్. నేను కోస్తుంటే ఆమె పిల్లలకు పాఠం మొదలుపెట్టింది. "చూడుండ్రి, పట్టుకునుడు అల్కనే. సరిగ్గ టైముకు వదులుడే కష్టం. వీడు పట్టుకున్నది దేన్నీ వదలడు, ఒక్క బడిని తప్ప."

ఈసారి ఆమెతోపాటు నేనూ నవ్వాను.

నాలుగో చుక్క తెగింది. టీచర్ మెల్లగా తాడు లాగింది. రాకెట్ ఒక్కటే లేచింది. మూడు చేతులు ఠక్కున విచ్చుకున్నాయి. నాలుగోది కాస్త ఆలోచించి, అది కూడా విచ్చుకుంది. టీచర్ తాడు వదలకుండానే పిల్లల ముఖాలు చూస్తూ నిలబడిపోయింది. వాళ్లు రాకెట్ వైపు నోళ్లు తెరిచి చూస్తున్నారు.

బెల్లు కొట్టారు. బెంచీల మీంచి ఎవరూ లేవలేదు.

"ఇంకోసారి, టీచర్!" అని ఎవరో అరిచారు. పిల్లలనుకునేరు, నేనే.