వాగు ఒడ్డున ఎర్ర స్టూలు

కాదండీ అంకుల్, మాస్టారు పిరికివాడు కాదు. నిన్న మీరు ఆ మాట అన్నప్పుడు అందరూ నవ్వారు. నేను గుమ్మం దగ్గర నిలబడి కూడా ఏమీ అనలేకపోయాను. పోయిన మనిషి ఇంట్లో, ఆయన ఫొటో ముందు గొడవ దేనికని ఊరుకున్నాను. ఊరుకున్నందుకు ఇంకా ఒళ్లు మండుతోంది. అందుకే పొద్దున్నే వ్యాన్ కడిగేసి, మీరంతా తయారై వచ్చేలోపు ఇది రాస్తున్నాను.

చదివేవాళ్లకి ముందు సంగతి చెప్పాలి. గుణదలలో మా పక్కింటి డ్రిల్లు మాస్టారు పోయిన నెల చనిపోయారు. మంచినీళ్లు పట్టి, బిందె గట్టు మీద పెట్టి, ఛాతీలో ఏదో పట్టేసినట్టుందని అక్కడే కూర్చున్నారట. నేను వ్యాన్ తోలుకుని ఏలూరు కిరాయికి వెళ్లి ఉన్నాను. ఆయన భార్య, మా ఆంటీ, ఫోన్ చేసి, "మీ మాస్టారు లేర్రా" అంది. ఎవరి గురించి చెబుతోందో కాసేపు నాకు తలకెక్కలేదు. అంతకుముందు సాయంత్రమే కదా, మా అరుగు మీద కూర్చుని ఈ ఏడు జలపాతం సంగతి నాతో మాట్లాడింది.

నిన్న ఆయన ఇంట్లో ఆదరణ కూడిక జరిగింది. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరు లేచి మాస్టారి గురించి రెండు మాటలు చెప్పారు. ఆంటీ తమ్ముడు, మేమంతా బందరు అంకుల్ అంటాం, ఆయన కూడా లేచారు. "మా బావ ఏటా ఇంతమందిని జలపాతానికి తీసుకెళ్లేవాడా, తమాషా ఏంటంటే తను మాత్రం ఒక్కసారి కూడా దాన్ని చూళ్లేదు. వాగు దాటగానే స్టూలేసుకుని కూర్చునేవాడు. నీళ్లంటే అంత భయం, పాపం" అన్నారు.

దాటగానే అన్నారు కదా అంకుల్. భయమున్న మనిషి దాటి కూర్చుంటాడా, దాటకుండా కూర్చుంటాడా?

కార్తీకమాసంలో ఊరంతా వనభోజనాలకి పోతుంటే మా వీధి మాత్రం మాస్టారి వెంట పాపికొండల నేషనల్ పార్కుకి పోయేది. చర్చికి వెళ్లేవాళ్లూ, గుడికి వెళ్లేవాళ్లూ, అందరం ఒకే వ్యానులో. పెద్ద కొండెక్కడమేం కాదు. ఫారెస్టు వాళ్ల గేటు దగ్గర టికెట్ తీసుకుని, వాళ్లిచ్చిన గైడు వెనక చెట్ల మధ్య నడవడమే. ముసలమ్మలు కూడా కబుర్లు చెప్పుకుంటూ వెళ్లిపోతారు. దారిలో ఒక్క వాగు అడ్డం వస్తుంది. పాదాలు తడిసేటన్ని నీళ్లుంటాయి. దాన్ని చూసి ఎవరూ భయపడరు.

మాస్టారు నెల ముందునుంచే మొదలెట్టేవారు. రావాలనుకున్నవాళ్లని సాయంత్రం పూట మేరీమాత కొండ మెట్ల దగ్గరికి రమ్మనేవారు. పక్కన ఎక్కుతూ ఇంటి సంగతులు అడిగేవారు. కూతురికి సంబంధం కుదిరిందా, నీళ్ల మోటారు బాగైందా అని. అడిగినదానికి రొప్పకుండా జవాబు చెప్పగలిగితే సరే. మాట ఆగిపోతే, "ఇంకో వారం మెట్లెక్కండి, మళ్లీ కబుర్లు చెప్పుకుందాం" అనేవారు. ఎవర్నీ రావద్దని ఆయన అనగా నేను వినలేదు. బయల్దేరే రోజు మాత్రం వ్యాన్ తలుపు దగ్గర నిలబడి అందరి కాళ్లూ చూసేవారు. కొత్త చెప్పులేసుకున్నవాళ్లు ఇంటికి పోయి పాతవి వేసుకు రావలసిందే.

వాగు దగ్గర ముందు ఆయనే దిగేవారు. కర్రతో అడుగు చూసుకుంటూ అవతలికి పోయి, ఒక తెల్లరాయి ఏరి, సరిగ్గా నీళ్ల అంచున పెట్టేవారు. అందరూ దాటాక ఎర్ర ప్లాస్టిక్ స్టూలు ఆ రాయి పక్కన వేసుకుని, మెడలో విజిలుతో కూర్చునేవారు. వెనకాల కొండల్లో ఎక్కడో వాన పడితే మనకి కనపడదు, వినపడదు, మన నెత్తిన ఎండే కాస్తుంటుంది. నీళ్లు మాత్రం వస్తాయి. రాయి తడిస్తే కనిపెట్టుకుని ఉండాలి, మునిగితే పిలవాలి. ఆయన పద్ధతంతా ఇంతే. అవతలి ఒడ్డునే ఎందుకు కూర్చుంటారని ఒకసారి అడిగాను.

"మీరంతా ఆ పక్కనుంటే నేను ఈ పక్కన కూర్చుని ఏం చెయ్యను రా, పేపరు చదువుకోనా?" అన్నారు.

జలపాతం హోరులో విజిలు వినపడదు. మధ్యలో దారి మలుపు తిరిగే చోట ఒకడుండాలి, విని పరిగెత్తడానికి. ఆ ఒకణ్ని నేను.

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. బెంచీ మీద కూర్చోలేకపోయేవాణ్ని. కూర్చుంటే ఒంట్లో చీమలు పాకినట్టుండేది. మా నాన్న బెల్టు తీసిన రోజున మాస్టారు గోడవతల నుంచి వచ్చి మధ్యలో నిలబడ్డారు. "వీడు చెడ్డవాడు కాదండీ, కుదురు లేనివాడు. కుదురు లేనివాళ్లకి కూడా పనులుంటాయి" అన్నారు. ఆ ఏడే నాకు మలుపు దగ్గర పని ఇచ్చారు. ఊరికే నిలబడక్కర్లేదు, తిరుగుతూ ఉండమన్నారు. నేను పైకి పరిగెత్తి జలపాతం చూసి, మళ్లీ కిందికి ఆయన దగ్గరికి పరిగెత్తేవాణ్ని.

"ఈసారి ఎలా ఉందిరా?" అని అడిగేవారు, కళ్లు రాయి మీదనుంచి తియ్యకుండా.

"బాగుందండీ."

"బాగుందంటే నాకేం తెలుస్తుంది? సరిగ్గా చెప్పు."

అప్పుడు చెప్పేవాణ్ని. ఎడమవైపు పాయ సన్నబడిందనీ, పెద్దబండ మీద నాచు పట్టి పచ్చగా ఉందనీ, దూరంగా నిలబడినా ముఖం మీద తుంపర పడుతోందనీ. తలూపుతూ వినేవారు. బళ్లో ఎవరూ నాచేత అన్ని మాటలు చెప్పించలేదు. ఇవాళ ఇది రాయగలుగుతున్నానంటే అక్కడ నేర్చుకున్నదే.

పోయినేడు మీకు గుర్తుందా అంకుల్? మీరప్పుడే చొక్కా విప్పి నీళ్లలోకి దిగబోతున్నారు. మంచి ఎండ. నేను ఆయాసపడుతూ వచ్చి మాస్టారు పిలుస్తున్నారన్నాను.

"ఎండ చూడరా ఎలా ఉందో. మీ మాస్టారికి చాదస్తం, నీకు తొందర. ఇంతదూరమొచ్చి తడవకుండా పోతామా?" అన్నారు మీరు.

గైడు మాత్రం తువ్వాలు తలకి చుట్టుకుని పిల్లల్ని పోగుచేయడం మొదలెట్టాడు. మీరు సణుక్కుంటూనే దిగారు. కిందికి వచ్చేసరికి తెల్లరాయి లేదు. మాస్టారు వాగు మధ్యలో నిలబడి ఉన్నారు, ప్యాంటు మడిచి, కర్ర పాతి పట్టుకుని. నీళ్లు టీ రంగుకి తిరిగాయి. ఒక్కొక్కరి చెయ్యి అందుకుని దాటించారు. మొదటివాళ్లకి మోకాళ్లు తడిశాయి. ఆఖర్న వచ్చిన మీకు తొడల దాకా వచ్చాయి. మీ తర్వాత ఆయన వెనక్కి వెళ్లి, స్టూలు నెత్తిన పెట్టుకుని దాటారు. ఎందుకు మాస్టారూ, పోతే పోయిందని నేను అరుస్తూనే ఉన్నాను.

ఇవతల కూర్చుని పులిహోర పొట్లాలు విప్పుతుంటే మీరన్నారు, "చూశావా బావా, ఏమీ కాలేదు. అనవసరంగా పరిగెత్తించావ్" అని. మాస్టారు నవ్వి, "అవునయ్యా, ఏమీ కాలేదు" అన్నారు. మీకు ఇంకో పొట్లం ఇచ్చారు. అప్పుడే వాగులో ఒక చెట్టు వేళ్లతో సహా కొట్టుకొచ్చింది, మనం దాటిన చోటు మీదుగానే పోయింది. అందరూ తినే హడావుడిలో ఉన్నారు. మాస్టారు చూశారు, నేను చూశాను. పిల్లలు బెదురుతారని కాబోలు, ఆయన ఎవరికీ చూపించలేదు. వద్దన్నట్టు నాకు కళ్లతో చెప్పారు. ఇన్నాళ్లూ నేను కూడా చెప్పలేదు.

ఈ ఏడు ప్రయాణం ఇవాళే. తేదీ మాస్టారు పెట్టిందే. ఇంక ఎందుకులే అని వీధిలో చాలామంది అన్నారు. ఆంటీయే ఒప్పుకోలేదు. ఏనాడూ రాని మనిషి, ఈసారి తనూ వస్తానంది. మొన్న బియ్యం ఏరుతూ, "ఎలా ఉందో ఈసారి నేను చెప్తాలే ఆయనకి. సమాధి దగ్గర కూర్చుని సరిగ్గా చెప్తా" అంది. పదిహేను రోజుల నుంచి సాయంత్రాలు కొండ మెట్లెక్కుతోంది. నేను పక్కన ఎక్కుతూ అదీ ఇదీ అడుగుతున్నాను. మొదట్లో మాట ఆగిపోయేది. ఇప్పుడు ఆగట్లేదు.

సముద్రంలో అల్పపీడనం ఉందని నిన్నటి నుంచి టీవీలో చెబుతున్నారు. గేటు తెరిచే ఉంటుందని ఫారెస్టు వాళ్లు ఫోన్లో చెప్పారు. ఇక్కడ మబ్బుంది, వాన లేదు. కొండల్లో ఎలా ఉందో నాకు తెలియదు. మాస్టారుంటే ఏమనేవారో ఆలోచిస్తే, రాయి పెట్టి చూద్దాం అనేవారు.

రాయి దగ్గర కూర్చోవలసింది నేను. గంటల తరబడి, దాని మీదనుంచి కళ్లు తియ్యకుండా. బెంచీ మీద అరగంట ఆగలేనివాణ్ని. నా భయం అదొక్కటే కాదు. ఆంటీ అప్పుడే జలపాతం ముందుకి చేరి ఉంటుంది, ఒక్క నిమిషమైనా చూసి ఉండదు, ఇక్కడ రాయి మునుగుతుంది. నేను ఊదాలి. పైన ఎండుంటుంది. నిన్న మెట్ల మీద మీరు నవ్వుతూ అన్నారు కదా, "ఈసారి విజిలేస్తే మేం వచ్చేది లేదురోయ్" అని.

అందుకే అడుగుతున్నాను. మలుపు దగ్గర ఈసారి మీరు నిలబడండి అంకుల్. ఆంటీని వెనక్కి పిలవవలసి వస్తే నేను చెబితే వినదు, తమ్ముడు చెబితే వింటుంది. విజిలు వినపడ్డాక ఆకాశం వంక చూడకండి, నన్ను తర్వాత ఎంతైనా తిట్టండి. ముందు పరిగెత్తండి.

పిల్లలెవరో వ్యానెక్కి హారన్ నొక్కుతున్నారు. ఆంటీ గేటు తీసుకుని వస్తోంది, కాళ్లకి మాస్టారి పాత కాన్వాసు బూట్లు, లేసులు బిగించి కట్టుకుంది. ఒక చేతిలో ఎర్ర స్టూలు. ఇంకో చేతిలో విజిలు, దానికి కొత్త తాడు. స్టూలు తెచ్చి నా సీటు పక్కన పెట్టింది.

నేను వెళ్లాలి.